గార తీసే చేతికి లైసెన్సు

ఐరీన్ న్యూమన్ ఈరోజు అమెరికాలో డెంటల్ హైజీనిస్టు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంటే, దాదాపు ఏ రాష్ట్రంలోనైనా మొదటి కాగితం చూసే వెనక్కి పంపేస్తారు. ఆమె హైజీనిస్టు కోర్సు చదవలేదు. జాతీయ పరీక్ష రాయలేదు. ఒక పంటి డాక్టరు దగ్గర అసిస్టెంటుగా ఉంటూ, ఆయన చేస్తుంటే చూసి, చెబితే విని, చేసి చూపించి పని నేర్చుకుంది. అయినా ఈ వృత్తికి ప్రపంచంలోనే మొట్టమొదటి లైసెన్సును 1917లో కనెటికట్ రాష్ట్రం ఆమె చేతిలోనే పెట్టింది.

ఇప్పుడు ఆ కాగితం కావాలంటే దారి పొడుగు. గుర్తింపు ఉన్న కాలేజీలో కనీసం అసోసియేట్ డిగ్రీ చదవాలి. అందులో చేరడానికి ముందు పూర్తి చేయాల్సిన సబ్జెక్టులతో కలుపుకుంటే మూడేళ్ళ దాకా పడుతుంది. శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, మందులు, ఎక్స్‌రేలు, చిగుళ్ళ జబ్బులు అన్నీ చదవాలి. తర్వాత 350 ప్రశ్నల జాతీయ బోర్డు పరీక్ష. దాని మీద చేతిపనిని చూసే క్లినికల్ పరీక్ష. చాలా రాష్ట్రాల్లో అక్కడి చట్టం మీద ఇంకో పరీక్ష, గుండె ఆగిన మనిషిని కాపాడే సీపీఆర్ సర్టిఫికెట్టు. అంతా అయ్యాక కూడా కొన్నేళ్ళకోసారి కొత్త పాఠాలు విన్నట్టు రుజువు చూపి రెన్యువల్ చేయించుకోవాలి. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు పక్క రాష్ట్రంలో దానంతటది చెల్లదు.

ఈ షరతులను ఎవరూ ఒకరోజు కూర్చుని రాయలేదు. ఒక్కో దాని వెనకా ఒక్కో తగాదా ఉంది. ఆ తగాదాలన్నిటికీ మూలం ఒక చిన్న ప్రశ్న: పళ్ళకు పట్టిన గార తీయడం ఎవరి పని?

గార సంగతి కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే ఇంత చిన్న పనికి చట్టం ఎందుకనిపిస్తుంది. అన్నం తిన్న కాసేపటికే పళ్ళ మీద జిగటగా పాచి చేరడం మొదలవుతుంది. దాన్ని వేప పుల్ల తీస్తుంది, బ్రష్షూ తీస్తుంది. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని సున్నపు లవణాలు దానిలో దిగి, గట్టిపడి, పంటికి అతుక్కుపోతాయి. ఇక ఎంత తోమినా అది కదలదు. కంటికి కనిపించే పసుపుపచ్చ గారకంటే చిగురు అంచు కింద దాక్కున్న నల్లటి గార ఇంకా మొండిది. అది కనబడదు. సన్నటి కొక్కెం లాంటి పనిముట్టును పంటి వెంట జార్చుకుంటూ వెళితే ఒకచోట గరుకుగా తగులుతుంది. అదే గుర్తు. అక్కడ పనిముట్టు అంచును సరైన వాలులో ఆనించి, చిగురు చీరుకోకుండా, పంటి వేరు గీరుకుపోకుండా, ఒక్క లాగుతో పెళ్ళను ఊడదీయాలి. చేసేవాళ్ళకు చూపు చెప్పేదానికంటే వేలి కొసలు చెప్పేదే ఎక్కువ.

మన ఇళ్ళలో ఇప్పటికీ ఒక భయం ఉంది. క్లీనింగు చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని, సందులు పడతాయని పెద్దవాళ్ళు వద్దంటారు. నిజానికి ఆ సందులు అంతకుముందే ఉన్నాయి. ఏళ్ళ తరబడి చిగురును తినేసి, ఆ ఖాళీలో గారే గోడలా నిలబడి ఉంది. అది తీసేశాక అసలు నష్టం బయటపడుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే పన్నే పోతుంది.

ఈ మాట పంటి డాక్టర్లకు కూడా ఎప్పటినుంచో తెలిసింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పంటి వైద్యమంటే పీకడం, పూడ్చడం, కట్టుడు పళ్ళు పెట్టడం. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ డెంటిస్టు విలోబీ మిల్లర్ 1890లో నోటిలోని సూక్ష్మజీవుల మీద పుస్తకం ప్రచురించాక ఆలోచన మారింది. నోటిలో బతికే క్రిములు తిండిలోని పిండిని, చక్కెరను ఆమ్లంగా మార్చి పంటిని కరిగిస్తాయని ఆయన చూపించాడు. అలాంటప్పుడు నోరు శుభ్రంగా ఉంచడమే వైద్యం కావచ్చు కదా అని కొందరు ఆలోచించారు. ఫిలడెల్ఫియాలో డి.డి. స్మిత్ అనే డెంటిస్టు దాన్ని ఆచరణలో పెట్టాడు. రోగులను నెలనెలా పిలిపించి, గార తీసి, ప్యూమిస్ పొడితో ఒక్కో పన్నూ చేత్తో మెరుగుపెట్టేవాడు.

స్మిత్ మాటలు విన్నవాళ్ళలో బ్రిడ్జ్‌పోర్ట్ ఊరి డెంటిస్టు ఆల్ఫ్రెడ్ సివిలియన్ ఫోన్స్ ఒకడు. బ్రిడ్జ్‌పోర్ట్ కనెటికట్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీల ఊరు. సర్కస్‌తో పేరు మోసిన పి.టి. బార్నమ్ ఆ ఊరికి ఒకప్పుడు మేయరు. ఫోన్స్ తండ్రి కూడా డెంటిస్టే, ఆయనా మేయరుగా చేసినవాడే. ఊళ్ళో పరపతి ఉన్న కుటుంబం కావడం ఫోన్స్‌కు తర్వాత చాలా పనికొచ్చింది.

స్మిత్ పద్ధతిని తన రోగుల మీద అమలుచేసిన ఫోన్స్‌కు ఫలితం కనబడింది, ఇబ్బందీ కనబడింది. ఒక్కో నోటికి ఎంతో సమయం పడుతుంది. రోజంతా గార తీస్తూ కూర్చుంటే పుప్పి పళ్ళు చూసేదెవరు? 1906లో ఆయన తన దగ్గరే అసిస్టెంటుగా ఉన్న ఐరీన్ న్యూమన్‌కు ఆ పని నేర్పాడు. ఆమె ఆయనకు వరసకు చెల్లెలు. కొద్ది నెలల్లోనే ఆమె రోగులను, ముఖ్యంగా పిల్లలను, కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళు శుభ్రం చేయడం మొదలుపెట్టింది.

అప్పుడే కనెటికట్ డెంటిస్టులు తమ చట్టాన్ని సవరించుకుంటున్నారు. చదువులేని వాళ్ళు పంటి వైద్యం చేయకుండా ఆపడం వాళ్ళ ఉద్దేశం. 1907లో వచ్చిన ఆ సవరణ లైసెన్సు లేని వాళ్ళందరికీ తలుపు మూసింది, ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంచింది. డెంటిస్టు కళ్ళెదుట పనిచేసే అసిస్టెంటు ‘పళ్ళు శుభ్రం చేయడమనే పని’ చేయవచ్చంది. ఆ పని అసలు వైద్యమేనా కాదా అన్న అనుమానం ఆ మాటల్లోనే ఉంది. కానీ ఐరీన్ చేస్తున్న పని ఆ ఒక్క వాక్యంతో చట్టబద్ధమైంది.

కిటికీ లేనిచోట ఏమవుతుందో ఒహాయోలో తేలింది. సిన్సినాటికి చెందిన సి.ఎం. రైట్ అనే డెంటిస్టు 1902లోనే, చదువుకున్న స్త్రీలకు ఈ పనిలో శిక్షణ ఇవ్వాలని రాశాడు. 1910లో అక్కడి ఒహాయో డెంటల్ సర్జరీ కాలేజీ ‘డెంటల్ నర్సు’ కోర్సు పెట్టింది. అమ్మాయిలు చేరారు, చదివారు, బయటికి వచ్చారు. వాళ్ళు పని చేయడానికి వీలుగా చట్టం మారలేదు. రాష్ట్రంలోని డెంటిస్టులు గట్టిగా అడ్డం తిరిగారు. 1914కల్లా కోర్సు మూతపడింది. కాలేజీ పట్టా ఇచ్చింది, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. చదువు, చట్టం జోడుగా నడవకపోతే నష్టపోయేది విద్యార్థులేనని ఈ వృత్తి తొలిరోజుల్లోనే చూసింది. ఆ తర్వాత దాన్ని భుజానికెత్తుకున్న వాళ్ళంతా చట్టం కోసం అంత పట్టుబట్టడానికి ఇదే కారణం.

బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఫోన్స్ అసలు గురి డబ్బున్న రోగులు కాదు, బడి పిల్లలు. నాలుగేళ్ళకు పైగా ఊరి పెద్దల చుట్టూ తిరిగాడు. పళ్ళు పుచ్చిపోయాక పూడ్చే ఆసుపత్రికి డబ్బిస్తామంటే వద్దన్నాడు. పుచ్చకముందే బడికి వెళ్ళి శుభ్రం చేసి, తోముకోవడం నేర్పే మనుషులకు జీతం ఇమ్మన్నాడు. చివరికి ఊరు 5,000 డాలర్లు మంజూరు చేసింది. డబ్బైతే వచ్చింది, మనుషులేరి?

అందుకని తన ఇంటి పక్కనున్న షెడ్డునే బడిగా మార్చాడు. గుర్రపు బండి, తర్వాత మోటారు కారు పెట్టుకునే ఆ గ్యారేజీలో 1913 నవంబరు 17న ప్రపంచంలో తొలి డెంటల్ హైజీనిస్టు బడి మొదలైంది. చేరినవాళ్ళలో బడి పంతులమ్మలున్నారు, నర్సులున్నారు, డెంటిస్టుల దగ్గర పనిచేసే అసిస్టెంట్లున్నారు, డెంటిస్టుల భార్యలూ ఉన్నారు. పాఠాలు చెప్పడానికి యేల్, కొలంబియా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల ఆచార్యులు వచ్చారు. గ్యారేజీకి పెద్ద పెద్ద ప్రొఫెసర్లు రావడం వెనక ఫోన్స్ పలుకుబడి ఎంత ఉందో, ఆ విషయం మీద వాళ్ళకున్న నమ్మకమూ అంతే ఉంది. 1914 జూన్ 5న 27 మంది పట్టా పుచ్చుకున్నారు. ఆ ఉపన్యాసాలే 1916లో ‘మౌత్ హైజీన్’ అనే పాఠ్యపుస్తకంగా అచ్చయ్యాయి.

పేరు విషయంలోనూ ఫోన్స్ పట్టుదలగా ఉన్నాడు. అప్పటికి వాడుకలో ఉన్న మాట ‘డెంటల్ నర్సు’. నర్సు అనగానే జనానికి జబ్బు గుర్తొస్తుంది. ఈమె పని జబ్బు రాకుండా చూడటం, కాబట్టి ‘హైజీనిస్టు’ అనాలన్నాడు. ఆ పేరే నిలిచింది.

స్త్రీలనే ఎందుకు తీసుకున్నాడన్నదానికి ఆయన చెప్పిన కారణం మాత్రం ఈరోజు చదివితే మింగుడుపడదు. మగవాడైతే ఈ ఒక్క పనితో తృప్తిపడడు, ఆడమనిషైతే దీనికే పరిమితమై ఉంటుందన్నది ఆయన వాదన. అంటే డెంటిస్టుకు పోటీ రాదన్న భరోసా. ఈ వృత్తి చరిత్ర పొడవునా ఆ పరిమితిని తోసుకుంటూ వచ్చింది ఆ స్త్రీలే.

1914లో కొత్త హైజీనిస్టులు బ్రిడ్జ్‌పోర్ట్ బడుల్లో అడుగుపెట్టారు. మోసుకెళ్ళడానికి వీలైన కుర్చీలు, పనిముట్లు పట్టుకుని ఒక బడి తర్వాత ఒక బడికి వెళ్ళేవారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలతో మొదలుపెట్టారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పళ్ళు శుభ్రం చేయడం సగం పని. తరగతి మొత్తాన్నీ నిలబెట్టి, చేతికి బ్రష్షిచ్చి, పళ్ళు మూసి పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ తోమడం నేర్పడం మిగతా సగం. ఆ గుండ్రటి తోముడునే ఇప్పటికీ ‘ఫోన్స్ పద్ధతి’ అంటారు. చిన్న పిల్లలకు చాలాచోట్ల మొదట నేర్పేది అదే. హైదరాబాదులోనో విజయవాడలోనో పిల్లల డెంటిస్టు ప్లాస్టిక్ పళ్ళ బొమ్మ మీద బ్రష్షును గుండ్రంగా తిప్పి చూపిస్తే, అది ఆ గ్యారేజీ బడి నుంచి వచ్చిన పాఠమే.

బడుల్లో పని మొదలయ్యాక ‘డెంటిస్టు కళ్ళెదుట’ అన్న పాత షరతు కుదరలేదు. హైజీనిస్టు బడిలో ఉంటుంది, డెంటిస్టు తన క్లినిక్కులో ఉంటాడు. దాంతో 1915లో కనెటికట్ మళ్ళీ చట్టం మార్చి హైజీనిస్టును ఒక వేరే వృత్తిగా గుర్తించింది. క్లినిక్కులోనే కాక బడుల్లో, ఆసుపత్రుల్లో, ఇతర సంస్థల్లో డెంటిస్టు సాధారణ పర్యవేక్షణలో పనిచేయవచ్చంది. ఎంతవరకు చేయవచ్చో కూడా కొలిచినట్టు రాసింది. పంటి పైకి కనబడే భాగం మీదా, చిగురు అంచుకు సరిగ్గా కిందా ఉన్న సున్నపు గారను, మరకలను తీయవచ్చు. నోటిలో అంతకుమించి మరే పనీ చేయకూడదు. మిల్లీమీటర్లలో గీసిన సరిహద్దు అది. అదే ఏడాది మసాచుసెట్స్, మరుసటి ఏడాది న్యూయార్క్ ఇలాంటి చట్టాలు చేశాయి. 1917లో, పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్న ఐరీన్‌కు లైసెన్సు వచ్చింది. రాష్ట్రంలోని హైజీనిస్టుల సంఘానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆమే.

ఫోన్స్ తన బడిని మూడు బ్యాచ్‌లతో ఆపేశాడు. మొత్తం 97 మంది చదువుకుని బయటికొచ్చారు. ఆయనకు ఆపే అవకాశం వచ్చింది, ఎందుకంటే పెద్ద సంస్థలు ఆ పనిని అందుకున్నాయి. 1916లో బోస్టన్‌లో ఫోర్సైత్ పిల్లల దంత వైద్యశాల, న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం, రోచెస్టర్‌లో కొడాక్ కెమెరాల జార్జ్ ఈస్ట్‌మన్ డబ్బుతో వెలసిన దంత వైద్యశాల హైజీనిస్టు కోర్సులు పెట్టాయి. 1923లో క్లీవ్‌లాండ్‌లో హైజీనిస్టుల జాతీయ సంఘం పుట్టింది. ఒక్కో రాష్ట్రం చట్టం చేసుకుంటూ పోగా 1950ల మొదటికి అమెరికాలో అన్ని రాష్ట్రాలూ ఈ లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టాయి.

చట్టం ఉంది, చదువు మాత్రం ఎవరికి తోచినట్టు వారిది. కొన్నిచోట్ల ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్ళు. 1947లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కనీసం రెండేళ్ళ చదువు ఉండాలని ప్రమాణం పెట్టింది. పరీక్షలూ అంతే. ఒక రాష్ట్రంలో పాసైన మనిషి ఇంకో రాష్ట్రానికి మారితే మళ్ళీ మొదటినుంచి రాయాలి. 1962లో జాతీయ బోర్డు పరీక్ష వచ్చాక రాత పరీక్ష వరకు ఆ బాధ తప్పింది.

ఈ లోపు ఫోన్స్ గీసిన గీతలు ఒక్కొక్కటీ చెరిగిపోయాయి. 1960ల మధ్య దాకా జాతీయ సంఘం నియమావళిలో సభ్యులు స్త్రీలై ఉండాలన్న మాట ఉండేది. అది తీసేశారు. 1965లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచి తొలి మగ హైజీనిస్టు పట్టాతో బయటికొచ్చాడు. 1971లో వాషింగ్టన్ రాష్ట్రం హైజీనిస్టు చేతికి మత్తు సూది ఇచ్చింది. చిగురు కింద లోతుగా దిగి గార తీసేటప్పుడు రోగి నొప్పితో విలవిల్లాడుతుంటే, పక్క గదిలోని డెంటిస్టు వచ్చి సూది వేసేదాకా ఆగాల్సిన పని పోయింది. 1986లో కొలరాడో ఇంకో అడుగు వేసి, డెంటిస్టు పర్యవేక్షణ లేకుండా సొంతంగా క్లినిక్కు పెట్టుకోవచ్చంది. డెంటిస్టుల సంఘాలు వ్యతిరేకించాయి. ఆ వాదన ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూపంలో ఈరోజుకీ నడుస్తోంది.

షరతులన్నిటిలోకీ మనుషులను ఎక్కువ ఏడిపించింది క్లినికల్ పరీక్ష. దాన్ని దగ్గరగా చూడాలి.

ఏళ్ళ తరబడి ఆ పరీక్షకు రోగిని తెచ్చుకునే బాధ్యత పరీక్ష రాసే అభ్యర్థిదే. ఎవరో ఒక రోగి అయితే సరిపోదు. నిర్ణయించిన సంఖ్యలో పళ్ళకు, నిర్ణయించిన చోట, చిగురు కింద గట్టి గార ఉండాలి. పంటికి వేరే పెద్ద జబ్బు ఉండకూడదు, రక్తపోటు హద్దు దాటకూడదు. అలాంటి మనిషి కోసం ఆఖరి సెమిస్టరు అమ్మాయిలు చుట్టాలను, ఇరుగుపొరుగును, తెలిసినవాళ్ళ స్నేహితులను అడుగుతూ తిరిగేవారు. దొరికిన మనిషికి దారి ఖర్చులు, కొన్నిసార్లు హోటలు ఖర్చులు, కొన్నిసార్లు చేతికి డబ్బు. పరీక్ష నాడు ఆ మనిషికి జ్వరం వచ్చినా, మనసు మారినా అభ్యర్థి పని అయిపోయినట్టే. వచ్చినా, పరీక్షకుడు నోరు చూసి గార చాలదంటే అంతే. అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటుంది. గార ఉందని తెలిసిన నోటిని పరీక్ష తేదీ దాకా శుభ్రం చేయకుండా ఆపేవారు. జబ్బు రాకుండా చూడటానికి పుట్టిన వృత్తి, తన లైసెన్సు కోసం జబ్బును దాచిపెట్టి ఉంచమనడం న్యాయం కాదు. వృత్తి సంఘాలే ఈ పద్ధతి పోవాలని అడుగుతూ వచ్చాయి. 2020లో కోవిడ్ వచ్చి రోగిని పరీక్ష గదిలోకి తేవడమే కుదరకపోయాక, కృత్రిమ గార అతికించిన ప్లాస్టిక్ పళ్ళు బిగించిన బొమ్మ తల మీద పరీక్ష పెట్టడం చాలాచోట్ల అంగీకరించారు. ఆ మార్పు ఎప్పుడో రావాల్సింది.

ఇన్ని షరతులు పెరిగినా ఐరీన్ నడిచిన పాత దారి పూర్తిగా మూసుకుపోలేదు. అలబామా రాష్ట్రం ఇప్పటికీ దాన్ని తెరిచే ఉంచింది. అక్కడ డెంటిస్టు దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన మనిషి, అదే క్లినిక్కులో చేతిపని నేర్చుకుంటూ, మధ్యమధ్య తరగతులకు వెళుతూ లైసెన్సు సంపాదించవచ్చు. కాన్సస్ 1998లో, తక్కువ శిక్షణ పొందిన అసిస్టెంట్లు చిగురు పైభాగం వరకు గార తీయవచ్చని చట్టం చేసింది. హైజీనిస్టులు దొరకడం లేదని క్లినిక్కులు మొరపెట్టుకున్నప్పుడల్లా ఈ రెండు ఉదాహరణలూ చర్చకు వస్తాయి. హైజీనిస్టుల జవాబు సూటిగా ఉంటుంది: పైన మెరిసి, కింద గార మిగిలిన నోరు శుభ్రపడినట్టు కాదు. ఈ విషయంలో వాళ్ళ మాటే సబబు. కంటికి కనబడనిదాన్ని వేలికొసతో పట్టుకోవడానికే ఆ రెండు మూడేళ్ళ చదువు. అలాగని ఏ షరతును ప్రశ్నించినా తమ మీద దాడిగా చూడాల్సిన అవసరమూ లేదు. రోగిని తెచ్చుకోవాలన్న షరతు పోయినందుకు రోగులకు ఏ నష్టమూ జరగలేదు కదా.

మన దేశానికి ఈ కథతో ఉన్న చుట్టరికం బోస్టన్‌లో మొదలవుతుంది. తూర్పు బెంగాల్‌లో పుట్టి, అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో డెంటిస్టు పట్టా పుచ్చుకున్న రఫీయుద్దీన్ అహ్మద్ ఆ తర్వాత కొంతకాలం ఫోర్సైత్ పిల్లల దంత వైద్యశాలలో పనిచేశాడు. ఆ సంస్థ హైజీనిస్టు కోర్సు మొదలుపెట్టిన రోజులవి. ఆయన కలకత్తా తిరిగొచ్చి 1920లో దేశంలో తొలి డెంటల్ కాలేజీని స్థాపించాడు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24ను మనం జాతీయ దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నాం. పంటి వైద్యాన్ని చదువుకున్నవాళ్ళ చేతిలోనే ఉంచే చట్టం కావాలని ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళలో ఆయనది ముందు వరస. 1948లో దేశమంతటికీ డెంటిస్టుల చట్టం వచ్చింది.

ఆ చట్టంలో హైజీనిస్టు ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. డెంటిస్టులకు, హైజీనిస్టులకు, కట్టుడు పళ్ళు చేసే మెకానిక్కులకు వేరువేరు రిజిస్టర్లు పెట్టాలని చట్టం చెప్పింది. పళ్ళ గార తీసి, శుభ్రం చేసి, మెరుగుపెట్టేవారు, నోటి శుభ్రత గురించి నేర్పేవారు హైజీనిస్టు అని నిర్వచించింది. బ్రిడ్జ్‌పోర్ట్ గ్యారేజీలో చెప్పిన రెండు పనులూ, శుభ్రం చేయడం, నేర్పడం, మన చట్టంలో ఒకే వాక్యంలో కూర్చున్నాయి. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవాళ్ళకు రెండేళ్ళ డిప్లొమా, ఆపైన రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషను. మన దగ్గర హైజీనిస్టు కావడానికి దారి ఇంతే. అమెరికాలో ఒక్కో రాష్ట్రంతో నలభై ఏళ్ళ దాకా కొట్లాడి తెచ్చుకున్న చోటు ఇక్కడ ఒక్క చట్టంతో దొరికింది.

చోటైతే దొరికింది, దాన్ని నింపే మనుషులు మాత్రం రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా క్లినిక్కుకు వెళ్ళి క్లీనింగు చేయించుకుంటే, చేసేది దాదాపు ఎప్పుడూ బీడీఎస్ చదివిన డాక్టరే. డెంటల్ కాలేజీలు పెరిగాయి, బీడీఎస్‌లు పెరిగారు, డాక్టరే తక్కువ ఫీజుకు గార తీస్తుంటే వేరే మనిషికి జీతం ఎందుకివ్వాలన్న లెక్క క్లినిక్కులది. ఆ లెక్కలో తప్పులేదు. క్లినిక్కు గడప దాటి రాని పిల్లలు ఆ లెక్కలోకి రారు, అంతే.

అమెరికా వెళ్ళిన తెలుగు బీడీఎస్‌లకు ఈ వృత్తి ఇంకో వైపునుంచి ఎదురవుతుంది. భర్త ఉద్యోగంతో వెళ్ళినవాళ్ళు అక్కడ మళ్ళీ డెంటిస్టు కావాలంటే సాధారణంగా రెండు మూడేళ్ళు డెంటల్ స్కూల్లో చదవాలి. ఫీజులు లక్షల డాలర్లలో ఉంటాయి. ఫ్లోరిడా చట్టం విదేశాల్లో డెంటిస్టు పట్టా పొందినవాళ్ళకు హైజీనిస్టు లైసెన్సు దారి తెరిచింది. చదువుకున్న కాగితాలను మూల్యాంకనం చేయించుకుని, జాతీయ బోర్డు పరీక్ష, క్లినికల్ పరీక్ష పాసైతే లైసెన్సు వస్తుంది. ఊళ్ళో సొంత క్లినిక్కులో వేర్ల చికిత్సలు చేసిన చేతులు అక్కడ గార తీయడంతో మొదలుపెడతాయి. దాన్ని దిగజారడంగా చూసే బంధువులున్నారు. చూడాల్సిన పని లేదు. అక్కడ హైజీనిస్టుది గౌరవమైన వృత్తి, మంచి జీతమున్న వృత్తి, చట్టం వెనక నిలబడిన వృత్తి.

2023లో పార్లమెంటు 1948 చట్టం స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టాన్ని చేసింది. రిజిస్టర్లు, చదువు, ప్రమాణాలు మళ్ళీ కొత్తగా రాసుకునే సమయమిది. హైజీనిస్టు అనే మాటను ఈసారైనా కాగితం మీంచి బడిలోకి నడిపించాలి. అందుకు కొత్త పథకం కూడా అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు వ్యానుల్లో ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వెళ్ళి పిల్లలను పరీక్షిస్తున్నాయి. వాళ్ళు వెతకాల్సిన సమస్యల జాబితాలో పంటి జబ్బులూ ఉన్నాయి. పథకం ప్రకారం ఆ బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు ఉంటారు. పుప్పి పన్ను కనబడితే రాసుకుని పెద్దాసుపత్రికి పంపుతారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ వ్యానులో ఐదో సీటు ఒక రిజిస్టరైన హైజీనిస్టుకు ఇవ్వాలి.